మార్కులు సరే, మాట కూడా చెప్పండి: ఫోటోగ్రఫీ క్లబ్ సీనియర్లకీ సెలూన్ జడ్జిలకీ ఒక ల్యాబ్ వాడి బహిరంగ లేఖ

జిల్లాల్లో ఫోటోగ్రఫీ క్లబ్బులు నడిపే పెద్దలకి, సెలూన్లలో, అంటే ఫోటో పోటీల్లో, జడ్జిలుగా కూర్చునే సీనియర్లకి, పేరు పక్కన ఏఎఫ్ఐఏపీ, ఈఎఫ్ఐఏపీ లాంటి అంతర్జాతీయ ఫోటోగ్రఫీ బిరుదులు సంపాదించుకున్న గురువుగార్లందరికీ నమస్కారం అండి.

నేను కాకినాడలో ఒక కలర్ ల్యాబ్ లో ప్రింటింగ్ చూసుకుంటాను. ఫిల్మ్ రోల్ రోజుల నుంచీ ఇదే పని. పిఠాపురం, సామర్లకోట, తుని దాకా పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు, సరదాగా తీసే స్టూడెంట్స్, సెలూన్లకి పంపేవాళ్ళు, అందరి ఫోటోలూ నా స్క్రీన్ మీంచే వెళ్తాయి. మీలో కొందరి ప్రింట్లు కూడా నేనే తీశాను. మీ పనంటే గౌరవం ఉంది కాబట్టే ఇంత ఓపెన్ గా అడుగుతున్నా. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళకి వాళ్ళ ఫోటో గురించి సరైన మాట చెప్పే మనిషి దొరకట్లేదండి. మార్కులు వేసేవాళ్ళు ఉన్నారు, లైకులు కొట్టేవాళ్ళు ఉన్నారు, కెమెరా మార్చెయ్ అనేవాళ్ళు బోల్డు మంది. ఫోటో ముందు కాసేపు ఆగి, ఇందులో ఇది కుదిరింది, ఇది కుదర్లేదు, మళ్ళీ వెళ్తే ఇలా చేసి చూడు అని చెప్పే పని మీది. మీకున్న అనుభవం ఇక్కడ ఇంకెవరికీ లేదు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా.

సెలూన్ రిజల్ట్ వచ్చిన సాయంత్రం ల్యాబ్ కౌంటర్ దగ్గర ఏం జరుగుద్దో చెప్తాను. కుర్రాడు ఫోన్ తీసి స్కోర్ చూపిస్తాడు, ముగ్గురు జడ్జిలు, మూడు అంకెలు, టోటల్, పక్కన నాట్ యాక్సెప్టెడ్. "అన్నా 17 వచ్చింది, కటాఫ్ 18 అంట, ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందంటావ్" అని నన్ను అడుగుతాడు. నేనేం చెప్పను అండి. ఫోకస్ జారిందని తగ్గించారా, అలాంటి ఫోటోలు ఆ పూట అప్పటికే చాలా చూసేశారని తగ్గించారా, ఒకాయనకి బాగా నచ్చి ఇంకొకాయనకి అస్సలు ఎక్కలేదా, ఏదీ ఆ అంకెలో కనబడదు. వాడు ఇంటికెళ్ళి తనకి తోచిన కారణం తనే ఊహించుకుంటాడు, ఎక్కువసార్లు ఆ ఊహ తప్పే అవుద్ది, షార్ప్‌నెస్ తక్కువైందనుకుని స్లైడర్ చివరిదాకా లాగేస్తాడు, మళ్ళీ పంపుతాడు, మళ్ళీ పోద్ది.

జడ్జిల కష్టం నాకు తెలీక కాదు. మనిషికి సెక్షన్ కి నాలుగేసి ఫోటోలు, కలర్, మోనోక్రోమ్, నేచర్, ట్రావెల్ అని సెక్షన్లు, అన్నీ కలిపితే వేలల్లోకి వెళ్ళిపోతాయి, ఒక్కో ఫోటో తెర మీద ఉండేది కొన్ని సెకన్లే. అందులో కూర్చుని ఒక్కొక్కరికీ ఉత్తరం రాయమని ఎవరూ అడగరు. సెలూన్ పని వడపోత, అది అలాగే జరగాలి. నా బాధల్లా ఆ వడపోతే ఇప్పుడు క్లబ్ పద్ధతి కూడా అయిపోయిందని. నెలకోసారి మీటింగ్ పెడతారు, తెర మీద ఫోటోలు గబగబా తిరుగుతాయి, చేతులెత్తి మార్కులేస్తారు, ఫస్ట్ సెకండ్ థర్డ్, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, సమోసా, అంతే. ఓడిపోయిన ఫోటోల గురించి ఒక్క మాట ఉండదు, గెలిచిన ఫోటో ఎందుకు గెలిచిందో కూడా ఎవరూ చెప్పరు. ఏఎఫ్ఐఏపీ రావాలంటే సెలూన్లలో 40 యాక్సెప్టెన్సులు, అంటే ఎంపికలు, కావాలి కాబట్టి అందరూ ఆ లెక్క మీదే ఉంటారు, నీకెన్ని అయ్యాయంటే నీకెన్ని అయ్యాయని. లెక్క పెరగడం సంతోషమే, కాదనను. కానీ క్లబ్ లో ఉన్నది పది పదిహేను మందే కదా, టైం ఉంది కదా, ఆ టైంలో కూడా అంకెలేనా?

రోల్ రోజుల్లో ఈ సమస్య ఇంత లేదు. అప్పుడు బాగా తీసేవాళ్ళు ఇప్పుడు లేరని నేను అనను, ఇప్పటి పిల్లలు చాలా చురుకు. కానీ అప్పుడు ప్రతి ఫోటో ఇంకో మనిషి కళ్ళ ముందు నుంచి వెళ్ళక తప్పేది కాదు. నెగెటివ్ ని లైట్ బాక్స్ మీద పెట్టగానే తెలిసిపోయేది, పల్చగా ఉందంటే అండర్, వెలుగు చాల్లేదు, దట్టంగా ఉందంటే ఓవర్, వెలుగు ఎక్కువైంది. ప్రింట్ లో సగం ఫ్రేమ్ నల్లగా వచ్చిందంటే ఫ్లాష్ సింక్ తప్పినట్టు, అంటే ఫ్లాష్ వెలిగినప్పుడు షట్టర్ పూర్తిగా తెరుచుకుని లేనట్టు, "బాబూ నీ కెమెరాకి ఫ్లాష్ పెట్టినప్పుడు షట్టర్ 1/60 దాటకూడదు" అని కౌంటర్ మీదే చెప్పేవాళ్ళం, వాడు మళ్ళీ వారం అది సరిచేసుకుని వచ్చేవాడు. సీనియర్ స్టూడియోవాళ్ళు ప్రింట్ల కోసం వచ్చి కూర్చునేవాళ్ళు, పక్కవాడి ప్రింట్ తీసి చూసి, "పెళ్ళికూతురు బాగుంది గానీ వెనక ట్యూబ్ లైట్ నెత్తిన మొలిచినట్టుంది చూశావా" అనేవాళ్ళు. ఆ ఒక్క మాటతో ఆ కుర్రాడు జన్మలో బ్యాక్‌గ్రౌండ్ చూడకుండా నొక్కేవాడు కాదు. ఇప్పుడు ఫోటో కార్డులోంచి ఫోన్ లోకి, ఫోన్ లోంచి గ్రూప్ లోకి వెళ్ళిపోతుంది, మధ్యలో ఆగి చూసే మనిషి లేడు.

ఒక ఫోటో గురించి వివరంగా చెప్తాను, మీకు నా మాట సరిగ్గా అర్థం కావాలని.

ఉప్పాడ సంగతి మీకు తెలిసిందే. సముద్రం ఏటా ఊరిని కొంచెం కొంచెం కోసుకుపోతుంది, తుఫాను వస్తే కాకినాడ ఉప్పాడ బీచ్ రోడ్డు మీదికే నీళ్ళు వచ్చేస్తాయి, రాళ్ళేసినా గోడ కట్టినా ఆగట్లేదు. ఆ ఊరి కుర్రాడే ఒకడు, డిప్లొమా చదువుతున్నాడు, సెకండ్ హ్యాండ్ కెమెరా, దాంతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్. సగం సముద్రంలోకి పోయిన ఇంటిని తీశాడు. ముందు గది లేదు, వెనక గోడ నిలబడి ఉంది, ఆ గోడకి దేవుడి క్యాలెండర్ అలాగే వేలాడుతుంది, కుడి పక్కన రాళ్ళ మీద ఒక పెద్దావిడ కూర్చుని వల చిక్కు తీసుకుంటుంది, పైన ముసురు పట్టిన ఆకాశం. నాకు చూడగానే చెయ్యి ఆగిపోయింది.

వాడు దాన్ని ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టి, అన్నలూ ఎలా ఉందో చెప్పండి అని అడిగాడు. వచ్చిన మాటలు ఇవి. స్కై డల్ గా ఉంది తమ్ముడూ, రీప్లేస్ చెయ్. ముసలావిడ ఫేస్ క్లోజప్ కొట్టి మోనోక్రోమ్ చేసుంటే సెలూన్ లో అదిరిపోయేది. సబ్జెక్ట్ థర్డ్స్ లో లేదు (ఫ్రేమ్ ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ఆ గీతల మీద సబ్జెక్ట్ ని పెట్టాలనే రూల్ అది). కలర్స్ పాప్ చెయ్. ఏం లెన్స్ వాడావ్. ఇంకొన్ని బొటనవేళ్ళు, రెండు మంటలు. అంతే. అవి రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, సాయం చేద్దామనే రాశారు, అందులో ఇద్దరు నాకు బాగా తెలిసినవాళ్ళే. కానీ ఒక్కరు కూడా ఆ ఇల్లు ఎవరిదిరా అని అడగలేదండి. ఫోటోషాప్ లో స్కై రీప్లేస్‌మెంట్ 2020 నుంచి ఒక్క క్లిక్ పని, తెలుసు, కానీ ఆ ఇంటిని పడగొట్టిన వాతావరణం ఆ ఆకాశమే కదా, దాన్ని తీసేసి కాషాయ రంగు సాయంత్రం అతికిస్తే అక్కడ జరిగింది ఏంటో ఫోటోలోంచి పోయినట్టే. క్లోజప్ అన్నారు, క్లోజప్ తీస్తే ఇల్లు ఉండదు. కుర్రాడు రెండు రోజులకి నా దగ్గరికొచ్చి "అన్నా స్కై మార్చాను చూడు" అన్నాడు. నాకు ఆ రోజు చాలా బాధేసింది.

అదృష్టం కొద్దీ మీలోనే ఒక పెద్దాయన, రిటైరయ్యారు, ఆయన పేరు రాస్తే ఒప్పుకోరు, వేరే పని మీద ల్యాబ్ కి వచ్చారు. ఒరిజినల్ చూపించాను. ముందు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయన చెప్పిన మొదటి మాట సలహా కాదు, తను ఏం చూశారో చెప్పారు. "నా కన్ను ముందు గోడ మీదికి పోయింది, అక్కణ్ణుంచి క్యాలెండర్ కి, మనిషి ఉన్నట్టు చాలాసేపటికి గానీ తెలీలేదు" అన్నారు. తర్వాత కుర్రాణ్ణి అడిగారు, "నువ్వు చూపించాలనుకుంది ఇల్లు పోయిందనా, పోయినా ఆవిడ ఇక్కడే ఉందనా?" వాడు కాసేపు ఆలోచించి రెండోదండి అన్నాడు. "అయితే ఆవిడ చీర రంగూ ఆ రాళ్ళ రంగూ ఒకే టోన్ లో కలిసిపోయాయి చూడు, నువ్వు నాలుగడుగులు ఎడమకి జరిగితే ఆవిడ వెనక అల నురుగు తెల్లగా వచ్చేది, మనిషి విడిగా తేలేది" అన్నారు. అంతటితో ఆపకుండా కార్డులో మిగతా ఫ్రేములు కూడా చూపించమన్నారు. అందులో ఒకదాంట్లో ఆవిడ తలెత్తి ఆ గోడ వైపే చూస్తుంది. ఇది ఎందుకు పక్కన పడేశావంటే హారిజన్ వాలిందండి అన్నాడు. హారిజన్ ని రెండు నిమిషాల్లో నిలబెట్టచ్చు, ఆ చూపు మళ్ళీ రాదు కదయ్యా అన్నారు. చివర్లో వెలుగు గురించి చెప్పారు, మన తీరంలో పొద్దున్న సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు కాబట్టి నీళ్ళవైపు కెమెరా పెడితే మనిషి నల్లగా అయిపోద్ది, సాయంత్రం ఎండ ఊరి వైపు నుంచి వస్తుంది, అప్పుడు మొహం మీద పడుద్ది, ముసురు పట్టినప్పుడైతే ఆ బాధ లేదు, రోజంతా మెత్తటి వెలుగే అని.

టీ తాగినంత సేపు పట్టింది అంతా. వాడికి ఆ కాసేపట్లో తెలిసింది ఏ స్కోర్ కార్డూ చెప్పలేదు. అందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు, గమనించండి. ఏం కనబడిందో చెప్పడం, ఏం అనుకున్నావని అడగడం, ఆ అనుకున్నదానికి ఇది ఎక్కడ అడ్డొచ్చిందో చెప్పడం, మళ్ళీ వెళ్తే చెయ్యగలిగిన పని ఒకటి చేతిలో పెట్టడం. నేను మీ అందరి దగ్గరా అడిగేది సరిగ్గా ఇదే.

మిగతా ఫ్రేములు చూడటం అనేది చాలామంది మర్చిపోతున్నారు. తియ్యడం ఎంత ముఖ్యమో ఏరుకోవడం కూడా అంతే. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ 1955, 56ల్లో అమెరికా అంతా తిరిగి 27 వేల పైచిలుకు ఫ్రేములు తీసి, చివరికి పుస్తకంలో పెట్టింది 83. మన కుర్రాళ్ళు ఒక ఆదివారం ఫోటోవాక్ కి వెళ్ళి ఐదారు వందలు తీసుకొస్తున్నారు, ఏది ఉంచుకోవాలో ఎవరూ నేర్పట్లేదు, ఎక్కువ లైకులొచ్చింది ఉంచుకుంటున్నారు. మీరు ఒక్క ఫోటో చూసి మార్కు వేసే బదులు దాని ముందూ వెనకా ఉన్న పది ఫ్రేములు పక్కన కూర్చుని చూస్తే, వాడు ఎక్కడ తొందరపడుతున్నాడో, ఎక్కడ ఒక్క అడుగు ముందుకెయ్యడానికి భయపడుతున్నాడో మీకు ఇట్టే తెలిసిపోద్ది.

రూల్స్ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. థర్డ్స్ లో లేదు అనేది ఇప్పుడు అన్ని ఫోటోలకీ ఒకే మందు అయిపోయింది. ఆ రూల్ కి ఆ పేరు పెట్టి రాసింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీష్ ఆయన, 1797లో, అప్పటికి కెమెరా ఫోటో అనేదే లేదు, ఆయన రాసింది లాండ్‌స్కేప్ పెయింటింగ్ గురించి. రూల్ చెడ్డదని నేను అనట్లేదు, కొత్తవాడికి మొదట్లో ఊతంగా పనికొస్తుంది. కానీ మనిషి మధ్యలో ఉండటం వల్ల ఈ ఫోటోకి ఏం నష్టం వచ్చింది అనేది చెప్పకుండా థర్డ్స్ లో లేదు అంటే వాడికి తెలిసింది ఏంటండి? అలాగే క్రాప్ చెయ్యకూడదు, బ్లర్ ఉండకూడదు అంటారు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియర్ బ్రెస్సాన్ 1932లో పారిస్ లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటి గుంట మీంచి దూకుతున్న మనిషిని కంచె సందులోంచి తీశారు, ఆ మనిషి బ్లర్ గానే ఉన్నాడు, క్రాపింగ్ అంటే అస్సలు పడని ఆయన ఆ ఫోటోని మాత్రం క్రాప్ చేశారు, ఎందుకంటే ఒక పక్క కంచె అడ్డొచ్చింది. ఇదే ఫోటో పేరు లేకుండా మన గ్రూప్ లో పెడితే మొదటి కామెంట్ షట్టర్ స్పీడ్ పెంచు తమ్ముడూ అనే వస్తుంది. బ్లర్ ఇక్కడ పనికొచ్చిందా లేదా అని చెప్పడానికి కన్ను కావాలి, అది మీ దగ్గర ఉంది, దాన్ని వాడండి, రూల్ వెనక ఆపెయ్యకండి.

ఇప్పుడు నా వృత్తి మాట. మీరు దేని మీద చూసి చెప్తున్నారో దయచేసి ఒకసారి ఆలోచించండి. వాట్సాప్ లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి వస్తుంది, దాన్ని ఫోన్ లో చూసి షార్ప్‌నెస్ తక్కువుందని చెప్తే ఆ తప్పు ఫోటోదో వాట్సాప్ దో ఎవరికి తెలుసు. ఇంకొకరు అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చేసి పంపుతారు, కొన్ని ఫోన్లలో రంగులు చచ్చినట్టు కనబడతాయి, వెంటనే సాచురేషన్ పెంచమంటారు, పెంచి తెచ్చిన ఫైలు నేను ప్రింట్ తీస్తే ఎర్ర చీరలో మడతలన్నీ పోయి ఎర్రటి ముద్ద వస్తుంది. బ్రైట్‌నెస్ ఫుల్ గా పెట్టిన స్క్రీన్ మీద బాగున్న ఫోటో ప్రింట్ లో చీకటిగా వస్తుంది, ఇది రోజూ జరిగేదే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద చందమామని తీశారు కదా, ఆ ఒక్క నెగెటివ్ నుంచి జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు తీశారు, మొదట్లో తీసిన ప్రింట్లలో ఆకాశంలో మబ్బుల జాడలు కనబడతాయి, తర్వాత తర్వాత ఆకాశాన్ని ముదురు చేసుకుంటూ పోయి ఇంచుమించు నల్లగా చేసేశారు. అంత పెద్దాయన తన ఫోటో గురించి తనే అన్నేళ్ళు ప్రింట్ ముందు నిలబడి ఆలోచించారు. అందుకే అంటున్నా, ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు ప్రింట్ అడగండి. 12×18 అక్కర్లేదు, చిన్న 5×7 చాలు. చేతిలో కాగితం ఉంటే మీరూ నెమ్మదిస్తారు, వాడూ నెమ్మదిస్తాడు. బొమ్మని తలకిందులుగా తిప్పి చూడచ్చు, రెండు తెల్ల కాగితాలు అంచుల మీద జరిపి ఇక్కడిదాకా క్రాప్ చేస్తే ఎలా ఉంటుందో అక్కడికక్కడే చూపించచ్చు. పాత స్టూడియోవాళ్ళు ఎల్ ఆకారం అట్ట ముక్కలతో ఇదే చేసేవాళ్ళు.

ఆడవాళ్ళ విషయం వేరేగా చెప్పాలి. మా ల్యాబ్ కి వచ్చే ఒకామె నర్సు, డ్యూటీ అయ్యాక సెలవు రోజుల్లో కొల్లేరు వెళ్ళి ఆటపాకలో పెలికాన్లు తీస్తుంది. ఆవిడ ఫోటో పెడితే వచ్చే మాటలు రెండే రకాలు. ఒకటి, సూపర్ మేడం, అద్భుతం మేడం. రెండోది, అంత పొద్దున్నే ఒంటరిగా ఎందుకెళ్ళారమ్మా. రెక్కల చివర కదిలిపోయింది, దిగే పక్షికి షట్టర్ 1/400 చాలదు, 1/1600 కి వెళ్ళి ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితం) పెరిగినా పర్లేదనుకోండి అని ఒక్కరూ చెప్పలేదు, ఆవిడే వెతుక్కుని నేర్చుకుంది. ఉత్త పొగడ్త కూడా మనిషిని పక్కకి నెట్టెయ్యడమే అండి, నీతో సీరియస్ గా మాట్లాడక్కర్లేదు అని చెప్పడమే అది. పైగా ఒకాయన అడ్డమొచ్చిన పుల్లని క్లోన్ చేసెయ్యండి, అంటే పక్క భాగం దాని మీద అతికించి చెరిపెయ్యండి అన్నారు. ఆవిడ పంపేది నేచర్ సెక్షన్ కి. అక్కడ ఫ్రేములో ఉన్న దాన్ని తీసెయ్యడం, లేనిది పెట్టడం కుదరదు, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు తుడుచుకోవచ్చు, క్రాప్ చేసుకోవచ్చు, పుల్ల మాత్రం తియ్యకూడదు, తీస్తే డిస్‌క్వాలిఫై. సలహా ఇచ్చేముందు ఇది ఎక్కడికి పంపుతున్నారు, దేనికోసం తీశారు అని అడిగితే చాలు, ఆ ముక్క వచ్చేదే కాదు.

ఇంకో పెద్ద విషయం, కొంచెం నొప్పిగా ఉన్నా చెప్పాలి. మాట లేకుండా మెడల్ మాత్రమే ఉంటే కుర్రాళ్ళు మెడల్ ని చూసి నేర్చుకుంటారు. అందుకే నా ప్రింటర్ లోంచి ఒకే ఫోటో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ముడతల మొహం, నోట్లో చుట్ట, చుట్టూ పొగ. గొర్రెల మంద, దుమ్ము, వెనక నుంచి ఎండ. చెరువులో వల విసిరే మనిషి సిల్హౌట్. ఇందులో చాలా వరకు సెటప్ షాట్లు, గొర్రెలాయనకి డబ్బులిచ్చి దుమ్ము లేచేదాకా మందని అటూ ఇటూ నాలుగైదు సార్లు తిప్పించి ఒకే లైన్ లో నిలబడి అందరూ తీసినవి. ప్రాక్టీస్ కోసమైతే తప్పు లేదు, వెలుగు ఎలా పడుద్దో తెలుస్తుంది. కానీ వాడి సొంత ఊళ్ళో వాడికి మాత్రమే కనబడేది ఏంటో వాణ్ణి ఎవరూ అడగట్లేదు. వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు, 2022లో పోయారు, తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మని, అక్కడి మనుషుల్ని ఏళ్ళ తరబడి తీశారు. ఒక చోటికి అన్నేళ్ళు వెళ్ళి తీసిన పనికి ఉన్న బరువు ఒక ఆదివారం సెటప్ ఫోటోకి రాదు. మన ఉప్పాడ కుర్రాడిలో అలాంటి ఓపిక నాకు కనబడుతుంది. జామ్దానీ చీరలు నేసే మగ్గాల ఇళ్ళు, సముద్రం తినేస్తున్న వీధులు, వాడు అక్కడే పుట్టాడు, లోపలికి రమ్మని పిలిచి కూర్చోబెడతారు, మనం వెళ్తే ముందు గుమ్మం దగ్గరే ఆపుతారు. అలాంటి వాడికి స్కై మార్చమని కాదు చెప్పాల్సింది, మళ్ళీ వెళ్ళు, ఇంకో ఏడాది తియ్, ఆరు నెలలకోసారి నాకు చూపించు అని చెప్పాలి. అది చెప్పే హోదా నాకు లేదు, మీకుంది.

ఇది మనకి చేతకాని పని కాదు, బయట చేస్తున్నారు కూడా. ఇంగ్లాండ్ లో మామూలు కెమెరా క్లబ్బుల్లో బయట నుంచి జడ్జిని పిలిస్తే ఆయన ప్రతి ఫోటో గురించి అందరి ముందూ నాలుగు మాటలు చెప్పి అప్పుడు మార్కు వేస్తారు. లండన్ లో 1853లో మొదలైన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వాళ్ళ మొదటి డిస్టింక్షన్ కి, అంటే మొదటి మెట్టు బిరుదుకి, పది ఫోటోల ప్యానెల్ పెట్టాలి, అది ఫైనల్ గా పంపకముందే ఎవరితోనైనా కూర్చుని ఈ పదీ కలిసి నిలబడతాయా లేదా అని సలహా తీసుకునే ఏర్పాటు ఉంది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ లో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్ లో పోర్ట్‌ఫోలియో రివ్యూలు పెడుతున్నారు, తెలిసినవాళ్ళ ఎదురుగా కూర్చుని ఫోటోలు పరిచి మాట్లాడచ్చు. కానీ తుని కుర్రాడు హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్ళగలడు? వాడి జిల్లాలో మీరే ఆ టేబుల్ వెయ్యాలి.

ఒక పద్ధతి మా అబ్బాయి చదివి చెప్పాడు, బాగా నచ్చింది. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ డాన్స్ కొరియోగ్రాఫర్ 1990లో తయారుచేశారంట. ముందు చూసినవాళ్ళు తమకి ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెప్తారు. తర్వాత తీసినవాళ్ళు అడుగుతారు, ఇక్కడ నాకు డౌట్ ఉంది, మీకేమనిపించింది అని. ఆ తర్వాత చూసినవాళ్ళు అడుగుతారు, కానీ ఎత్తిపొడుపు లేకుండా, ఇంత చీకటిగా ఎందుకుంది అని కాకుండా వెలుగు గురించి ఏం ఆలోచించావు అని. అన్నిటికంటే చివర్లో సలహా, అది కూడా, బ్యాక్‌గ్రౌండ్ గురించి నాకో అభిప్రాయం ఉంది చెప్పమంటావా అని అడిగి, సరే అంటేనే. మన పెద్దాయన ఆ పేరు కూడా వినుండరు, కానీ ఆ రోజు ల్యాబ్ లో ఇంచుమించు అదే చేశారు. తీసినవాడు అడిగే భాగం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఎక్కడుందో తీసినవాడికి ముందే అనుమానం ఉంటుంది, దాని గురించే మాట్లాడితే చెవికెక్కుద్ది.

కుర్రాళ్ళకి చెప్పాల్సింది నేను కౌంటర్ దగ్గర చెప్పుకుంటాలెండి, అరవై ఫోటోలు పంపకండి ఐదు తీసుకురండి, ఏమనుకుని తీశారో ఒక్క ముక్క చెప్పండి, పెద్దలు మాట్లాడేటప్పుడు మధ్యలో సమర్థించుకోకండి, రాసుకోండి అని. ఆ పూచీ నాది. ఈ లెటర్ మీకు కాబట్టి మీ వైపు అడగాల్సినవి అడుగుతున్నా.

క్లబ్ మీటింగ్ లో మార్కులు వేసుకోండి, కానీ సగం టైం మాటకి పెట్టండి. గెలిచినదానికీ ఓడినదానికీ ఒక్కో మాట, ఎవరో ఒకరు రాసి తీసినవాడికి ఇవ్వాలి. సెలూన్ నడిపేవాళ్ళని ఒక్కటే అడుగుతున్నా, అన్నిటికీ కుదరదు, కటాఫ్ కి ఒకటి రెండు మార్కుల్లో ఆగిపోయినవాటికైనా, అందులోనూ స్టూడెంట్లకైనా, జడ్జింగ్ అయిపోయాక ఒక పూట ఉండి ఒక్కో వాక్యం రాసిపెట్టండి. టీ, భోజనం, ప్రయాణం, ఫ్లెక్సీ అన్నిటికీ ఖర్చు పెడుతున్నాం, ఇంకో పూట రూముకి పెట్టలేమా? మొదటి ప్రశ్నగా కెమెరా ఏంటి లెన్స్ ఏంటి అని అడగటం మానెయ్యండి, కిట్ లెన్స్ అని చెప్పడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, మెత్తగా చెప్పాలని దాచక్కర్లేదు, వాళ్ళు తట్టుకుంటారు, కాకపోతే నాకు ఇలాంటివి నచ్చవు అనేదీ ఇది సాంకేతికంగా తప్పు అనేదీ విడివిడిగా చెప్పండి, రెండూ కలిపేస్తే వాడు మీ ఇష్టాన్ని రూల్ అనుకుని జీవితాంతం మోస్తాడు. ఫోటోలో మనుషులుంటే, వాళ్ళని అడిగి తీశావా, వాళ్ళకి ఒక ప్రింట్ ఇచ్చావా అని కూడా అడగండి. ఉప్పాడ పెద్దావిడకి ప్రింట్ ఇచ్చిరమ్మని ఆ పెద్దాయనే చెప్పారు, కుర్రాడు లామినేషన్ చేయించి మరీ తీసుకెళ్ళాడు.

మా ల్యాబ్ పైన ఒక గది ఖాళీగా ఉంది, పాత డార్క్‌రూమ్, కిటికీ తెరిస్తే ఉత్తరం వెలుగు వస్తుంది, పెద్ద చెక్క టేబుల్ ఉంది, ఓనర్ గారిని అడిగాను, ఆదివారం మధ్యాహ్నాలు వాడుకోండి అన్నారు. ఎవరు ఫోటోలు తెచ్చినా మనిషికి ఐదు ప్రింట్లు 5×7 సైజులో పేపర్ ఖర్చుకే తీసిస్తాను, కలర్ నేనే చూస్తాను. కాకినాడ, పిఠాపురం, రాజమండ్రి, అమలాపురం సీనియర్లలో నెలకి ఒకరు వచ్చి రెండు గంటలు కూర్చోగలిగితే చాలు. మీకు కుదిరే నెలా కుదిరే ఆదివారమూ చెప్పండి, ల్యాబ్ గోడ మీద క్యాలెండర్ లో రాసుకుంటాను, కుర్రాళ్ళకి కబురు నేను పంపుతాను.

మీ ప్రింట్లు తీసే
కాకినాడ ల్యాబ్ వాడు